రెండు ఆటోలు, ఒక సీమ

‘మర్యాద రామన్న’లో రాముకు ఆటో కొనుక్కోవాలని ఆశ. చేతిలో డబ్బు లేదు. రాయలసీమలో తమకు మిగిలిన ఐదెకరాలు అమ్ముకుందామని రైలెక్కుతాడు. ‘సినిమా బండి’లో వీరబాబు ఆటో డ్రైవరు. ఎవరో మరిచిపోయిన కెమెరా ఆ ఆటోలో అతనికి దొరుకుతుంది. రాజమౌళి సినిమా 2010లో వచ్చింది, ప్రవీణ్ కండ్రేగుల సినిమా 2021లో. రెండూ కడుపుబ్బా నవ్విస్తాయి, రెండింటిలోనూ ప్రేమ ఉంది. అనంతపురం మనిషిగా నేను వెతికేది మాత్రం ఒకటే: ఆ ప్రేమలో మావాళ్లు ఎవరైనా ఉన్నారా?

‘మర్యాద రామన్న’ చేసిన సాహసాన్ని తక్కువ చేయలేను. అంతవరకూ ఎక్కువగా హీరో పక్కన నిలబడి నవ్వించిన సునీల్‌ను నడిమధ్యకు తెచ్చింది. నల్లటి మనిషి, బెదురు చూపులవాడు, పాత సైకిలే ఆస్తి. అలాంటివాణ్ని ఒక పిల్ల ప్రేమిస్తుందంటే హాలంతా నమ్మింది. అయితే ఆ కథ జరిగే సీమ ఎలాంటిది? ఒక పెద్ద బంగళా, వేటకత్తులు, గడప లోపల నెత్తురు పడకూడదనే ఆన. కథకు మూలం 1923 నాటి బస్టర్ కీటన్ మూకీ సినిమా ‘అవర్ హాస్పిటాలిటీ’. అమెరికాలో రెండు కుటుంబాల పగ కోసం కుట్టిన చొక్కా అది. కొలతలు తీసుకోకుండానే మాకు సరిపోయింది. 1999లో ‘సమరసింహారెడ్డి’ ఆడినప్పటి నుంచి సినిమాలో మాకున్న కొలత ఒక్కటే కాబట్టి సరిపోయింది.

నన్ను బాధపెట్టేది ఆ ఐదెకరాలు. సినిమాలో అది రామును పగవాళ్ల ఇంటికి లాగే తాడు మాత్రమే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మా జిల్లాలో ఐదెకరాల మెట్ట అంటే ఒక కుటుంబం బతుకు. తొలకరికి చెనిక్కాయ విత్తుతారు. ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే చెట్టు పచ్చగానే ఉంటుంది, పీకి చూస్తే కాయ ఉండదు. ఆ ఏడు పిల్ల పెళ్లి ఆగుతుంది, పిల్లోడు బెంగళూరు బస్సెక్కుతాడు. మా దగ్గర ప్రేమకు అడ్డొచ్చేది కత్తికన్నా ఎక్కువగా ఇదే. రాజమౌళి కెమెరా ఆ చేలో దిగలేదు.

‘సినిమా బండి’లోని గొల్లపల్లి అనంతపురం ఊరు కాదు, ఆంధ్ర-కర్ణాటక సరిహద్దు పల్లె. అయినా హిందూపురం, మడకశిర వైపువాళ్లకు ఆ మాట పొరుగింటి మాటే. కన్నడం కలిసిన ఆ తెలుగును ఎక్కడా నున్నగా చెక్కలేదు. దొరికిన కెమెరాతో వీరబాబు, పెళ్లి ఫోటోలు తీసే గణపతి కలిసి తీసే సినిమా ప్రేమకథే. క్షౌరం చేసే మరిడేశ్ అందులో హీరో. ముందు అనుకున్న పిల్ల వెళ్లిపోతే కూరగాయలమ్మే మంగ హీరోయిన్ అవుతుంది. సునీల్‌ను హీరో చేసిన సినిమా కూడా హీరోయిన్ దగ్గరికి వచ్చేసరికి అలవాటైన తెల్లటి అందాన్నే తెచ్చుకుంది. మంగ దగ్గర ఆ అలవాటు తెగింది. ఎండకు కమిలిన మొహం, ఎవరికీ జంకని నోరు. ఆమె కెమెరా ముందు నిలబడినప్పుడు మా సంతలో రోజూ చూసే మనిషి నాకు కొత్తగా కనిపించింది.

లోటు లేదని కాదు. అక్కడ ప్రేమ సినిమా లోపలి సినిమాలోనే ఎక్కువ. మంగ తన బతుకులో ఎవరిని కోరుకుంటుందో తెలుసుకునేంత తీరిక కథకు లేదు.

ఇక యాస సంగతి. 2017లో ‘ఫిదా’ బాన్సువాడ పిల్ల చేత తెలంగాణ మాటలోనే ప్రేమించేలా, పోట్లాడేలా చేసింది. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ మాటను ముద్దు చేశాయి. మా యాసకు తెర మీద ఎక్కువగా దక్కింది బెదిరింపులూ సవాళ్లే. ‘మాయాబజార్’ తీసిన కె.వి.రెడ్డిది తాడిపత్రి. ప్రేమనూ హాస్యాన్నీ అంత తియ్యగా కలిపిన దర్శకుడు ఈ నేల మీదే పుట్టాడు. ఆయన ప్రేమికులకు కూడా మా యాస లేదు. అది ఆ కాలపు సినిమా భాష కట్టుబాటు. ఆ కట్టుబాటు ఇప్పుడు లేదు.

నా తీర్పు ఇది. కూర్పులో, నవ్వు పండించే నేర్పులో ‘మర్యాద రామన్న’ది పైచేయి. మనిషిని చూపడంలో ‘సినిమా బండి’ది. అనంతపురం నుంచి సినిమాల్లోకి పోతున్న పిల్లలారా, ఈ రెండూ ఒకచోట చేరే కథ మీరు రాయండి. చెనిక్కాయ చేలో నిలబడిన పిల్లోడు ‘నువ్వంటే నాకు శానా ఇష్టం’ అంటే హాల్లో ఎవరూ వెక్కిరించకుండా, ఆ పిల్ల ఏమంటుందోనని ఎదురుచూడాలి.