అబ్దుల్లా నేర్పిన నీలం

ఢిల్లీ వసంత్ కుంజ్‌లో ఉంటున్న మాకు మెహ్రౌలీ కూతవేటు దూరం. జమాలీ కమాలీ సమాధికి వెళ్తే నా కళ్లు చూరు కింది నీలం పలకల మీదే నిలుస్తాయి. 16వ శతాబ్దపు పని అది. కుమ్మరి సారె మీద తిప్పే మన్నుతో అలాంటి పలకలు రావు. పలుగురాళ్లు పిండి చేసి, గాజుపొడి కలిపి ముద్ద చెయ్యాలి. ఆ ముద్దకి సాగే గుణం తక్కువ, చెయ్యి చెప్పినట్టు వినదు. అచ్చులో నొక్కి, ఆరబెట్టి, గాజుపూత పూసి కాల్చాలి. పూతలో రాగి పడితే నెమలికంఠం రంగు, కోబాల్ట్ పడితే ముదురు నీలం. ఎంత రాగి, ఎంత సెగ, మంట ఎప్పుడు తగ్గించాలి అన్నవి పనివాడి చేతిలో, కంటిలో ఉంటాయి. కాగితం మీదికి సగమే వస్తుంది.

నూరేళ్ల కిందట ఢిల్లీలో ఆ విద్య తెలిసిన కొద్దిమందిలో అబ్దుల్లా అనే పఠాన్ ఒకరు. భూగర్భశాస్త్రం చదివి కుండల పనిలోకి వచ్చిన కుర్రవాడు గురుచరణ్ సింగ్ ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నారు. తర్వాత జపాన్ వెళ్లారు, 1952లో ఢిల్లీ బ్లూ పాటరీ పెట్టారు, ఎందరినో తయారుచేశారు.

అమెరికాలోని ఓక్లహోమాలో ఉండే చెరోకీ ఆదివాసులకు అలాంటి అబ్దుల్లా దొరకలేదు. 1838-39లో సొంత నేల నుంచి తరిమేశాక అక్కడ వాళ్ల కుండ పని అడుగంటింది. చెరోకీ లిపి సృష్టికర్త సెక్వోయా బొమ్మలో ఉన్నటువంటి మట్టి పైపు చేసిపెట్టమని 1960ల చివర్లో అన్నా మిచెల్ అనే చెరోకీ ఆవిడని ఆమె భర్త అడిగారు. అడిగి తెలుసుకుందామంటే పెద్దలు లేరు. పాత కుండల్ని చూసి చూసి ఆవిడే నేర్చుకున్నారు: సారె లేకుండా మట్టిని తాళ్లలా పేని, చుట్టలుగా పేర్చి, నున్నటి రాయితో రుద్ది కాల్చడం. ఆ ఓపికకి చేతులెత్తి మొక్కాలి. అయితే అంత కష్టం ఏ జాతికీ రాకూడదు.

అబ్దుల్లా లాంటివారు ఉండి కూడా ఆ కష్టం మనకీ వచ్చింది. హుమాయూన్ సమాధి పైనున్న ఛత్రీలకు, అంటే చిన్న గుమ్మటాల మండపాలకు, నీలం పలకలు కావాల్సొస్తే ఆగా ఖాన్ ట్రస్టు ఉజ్బెకిస్తాన్ నుంచి పనివాళ్లని రప్పించి, నిజాముద్దీన్ బస్తీ కుర్రాళ్లకి నేర్పించింది. ఆ పని అయిపోయాక వాళ్ల చేతులు ఊరుకుంటే ఎలా అన్నది నా బెంగ. పలకలు ఊడిపోయిన కట్టడాలు ఢిల్లీ నిండా ఉన్నాయి. పురావస్తు శాఖ వాటి మరమ్మతులకు వీళ్లనే పెట్టుకోవాలి, ఒక్కొక్కరి పక్కన ఇద్దరేసి కొత్తవాళ్లని జీతమిచ్చి కూర్చోబెట్టాలి.