నీటిబొట్టులో లోతు

కొల్లేటి నీటిబొట్టు మీద నీలి కాంతి వేసి మైక్రోస్కోపులో చూస్తే అందులోని నాచు కణాలు ఎర్రగా వెలుగుతాయి. రంగేమీ కలపనక్కర్లేదు. పత్రహరితం నీలి కాంతిని పీల్చుకుని, అందులో కొద్ది భాగాన్ని 680 నానోమీటర్ల దగ్గర ఎర్రటి వెలుగుగా వదిలేస్తుంది. ఇదే ప్రతిదీప్తి. కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువుల రైతులు నీరు ఎంత పచ్చబడిందో చూసి అంచనా కట్టేది ఈ నాచునే.

చిక్కల్లా లోతుతోనే. పెద్దగా చూపించే కటకానికి ఒకసారికి స్పష్టంగా కనబడేది సుమారు ఒక మైక్రాన్ మందం పొర. 100 మైక్రాన్ల లోతు చూడాలంటే ఫోకస్ జరుపుతూ వంద ఫొటోలు తీయాలి. సెకనుకు 20 తీసినా 5 సెకన్లు పడుతుంది. యూగ్లీనా అనే ఈదే నాచు సెకనుకు పదుల మైక్రాన్లు కదులుతుంది; వందో ఫొటో నాటికి అది ఉన్నచోట ఉండదు.

లోతును కూడా పట్టే హోలోగ్రామును డెనిస్ గాబోర్ 1948లోనే ప్రతిపాదించాడు. కానీ దానికి లేజర్ లాంటి క్రమబద్ధమైన కాంతి కావాలి. ప్రతిదీప్తిలో ఏ అణువు వెలుగు దానిదే, ఒకదానికొకటి పొంతన ఉండదు. 1997లో టింగ్ చుంగ్ పూన్ బృందం స్కానింగ్‌తో ప్రతిదీప్తి హోలోగ్రామ్ తీసింది గానీ, బిందువు తర్వాత బిందువు తడుముతూ పోవడం నిదానం. 2007లో జోసెఫ్ రోజెన్, గ్యారీ బ్రూకర్ ‘ఫించ్’ పద్ధతితో స్కానింగ్‌ను తప్పించారు. ఒక బిందువు నుంచి వచ్చిన కాంతినే రెండుగా చీల్చి, రెంటికీ వేర్వేరు వంపులిచ్చి, కెమెరా మీద మళ్లీ కలుపుతారు. పక్క అణువుతో పొంతన లేకపోయినా తనతో తనకు ఉంటుంది కదా! దాంతో వలయాలు ఏర్పడతాయి. వాటి ఎడాన్ని బట్టి బిందువు లోతు తెలుస్తుంది. దశ మార్చి మూడు ఫొటోలు తీస్తే చాలు, పొరలన్నిటినీ కంప్యూటరే విడదీస్తుంది.

వందకు బదులు మూడు. ఆ మూడింటి మధ్య కూడా యూగ్లీనా కదులుతుంది కాబట్టి, నాలుగు కోణాల పోలరాయిడ్ పొరలున్న కెమెరాతో ఒకే ఫొటోలో ముగించే పద్ధతులు వచ్చాయి. అందుకు కొంత సూక్ష్మ వివరాన్ని వదులుకోవాలి.

చెరువు నీటి పరీక్షకు ఇంత హంగు అనవసరం, మామూలు మైక్రోస్కోపు చాలు. బతికున్న నాచు ఎటు ఈదుతుందో గమనించాలంటే మాత్రం తాడేపల్లిగూడెం నిట్ లాంటి చోట్ల ఈ హోలోగ్రామ్ పద్ధతి ప్రయత్నించదగ్గదే. అయితే కణాలు కిక్కిరిసి ఉంటే అన్నిటి వలయాలూ ఒకదాని మీద ఒకటి పడి బొమ్మ వెలిసిపోతుంది. అందుకని చిక్కగా పచ్చబడిన నీటిని ముందు పలుచన చేసుకోవాలి.