దీపస్తంభము, రేవుపడవ: యాత్రారచనపై ఒక విచారణ

యాత్రారచనకు దృశ్యవర్ణనము ప్రాణమా, మానవసంబంధము ప్రాణమా యను ప్రశ్న ప్రవాసాంధ్రుల రచనల విషయమున మిక్కిలి ముఖ్యమైనది. ఖరగ్‌పూరునే తీసికొందము. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున శ్రీకాకుళ, విశాఖ ప్రాంతములనుండి వెళ్లి అచట స్థిరపడిన తెలుగు కుటుంబము లెన్నియో కలవు. వారికి సెలవులలో అందుబాటైన సముద్రము దీఘా, కాంథీల తీరము. కాంథీకి చేరువనున్న దరియాపూరులో దీపస్తంభమున్నది. దాపుననే పెటువాఘాట్ రేవు. అచట రసూల్‌పూర్ నదిని పడవలో దాటి హిజిలీ చేరవచ్చును. ఈ చిన్న యాత్రను తెలుగులో ఎట్లు వ్రాయవలెను?

ఈ తీరమునకు సాహిత్యమున శాశ్వతస్థానము కల్పించినవాడు బంకించంద్రుడు. 1860లో ఆయన ఆ ప్రాంతమున నెగువాలో డిప్యూటీ మేజిస్ట్రేటుగా నుండెను. 1866లో ఆయన ‘కపాలకుండల’ వెలువడినది. గంగాసాగరమునుండి మరలు యాత్రికుల పడవ మంచులో దిక్కు తప్పుటతో ఆ నవల ఆరంభమగును. తోడివారి వంటకు కట్టెలు తెచ్చుటకై నవకుమారుడు ఒడ్డెక్కును. ఇంతలో పోటు వచ్చి పడవ కొట్టుకొనిపోవును. అతనిని పులి తినియుండునని తోడివారు తమకు తాము నచ్చజెప్పుకొని సాగిపోదురు. ఉపకారము చేయబోయినవాడే ఒడ్డున మిగిలిపోవును. సముద్రవర్ణనము ఆ నవలలో గొప్పదే. కాని అది ఈ మానవవ్యవహారమునకు లోబడియే యున్నది.

దీపస్తంభమెక్కిన రచయితకు నదీముఖము, ఇసుకదిబ్బలు, జీడితోటలు ఒక్క చూపున కనిపించును. పడవవాని ముఖము కనిపించదు. అంత ఎత్తునుండి వ్రాసిన వాక్యములు కళింగపట్నమునకును భీమునిపట్నమునకును ఒకే తీరున సరిపోవును. ఏ చోటికైనను సరిపడు వర్ణనము ఏ చోటిదియు కాదు. రేవులో అట్లు కాదు. పడవ నిండువరకు వేచియుండవలెను, బాడుగ చెల్లింపవలెను, సైకిళ్లనడుమ ఒదిగి నిలువవలెను, పొరుగువాని ప్రశ్నకు బంగాళీలో బదులు చెప్పవలెను. రచయిత ఎవడో, ఎచటివాడో అచట తెలియును.

ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో కాశీకి పోయి, కలకత్తా, జగన్నాథముల మీదుగా చెన్నపట్నము చేరెను. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ నేటికిని నిలిచియుండుటకు నదులు దాటిన విధములు, మజిలీలు, సరకుల లభ్యత, జనుల ఆచారములు ఓపికతో వ్రాయుటయే కారణము. అయినను ఆయన మరలిపోవు యాత్రికుడు. ఖరగ్‌పూరు రచయిత అట్టివాడు కాడు; ఆ తీరము అతని బిడ్డలకు స్వస్థలము. కావున వీరాస్వామయ్య నిశితదృష్టితోపాటు, ఒడ్డున మిగిలినవానిని గూర్చిన బంకించంద్రుని చింతయు అతనికి కావలెను.

భాషావిషయమున ఒక ఆక్షేపణ రావచ్చును. రేవుపడవను బంగాళీలు ‘ఖేయా’ యందురు. అట్టి మాటలు తెలుగు రచనలో చొప్పించినచో ఆంధ్రదేశపు పాఠకునికి బోధపడునా? సందర్భమే బోధపరచును. రైలు, టిక్కెట్టు మనకు నిఘంటువుద్వారా రాలేదు కదా! ఆ మాటలను తుడిచివేసిన రచనలో ఖరగ్‌పూరు తెలుగువాని జీవితమే కొంత తుడిచిపెట్టుకొనిపోవును. ఇంట తెలుగు మాటాడుచు, బడిలో తెలుగు లిపి నేర్వని బిడ్డలకు, ఎన్నడైన చదువవలెనన్న కోరిక పుట్టించునది తమ ఊరును, తమ రేవును చూపు రచనయే.

దీపస్తంభమును వర్ణింపవద్దని చెప్పుట లేదు. దానిని చూచి దిగివచ్చిన పిమ్మట, తనతో నది దాటినవారెవరో, దాటలేక మిగిలినవారెవరో రచయిత చెప్పవలెను. యాత్రారచనకు పరీక్ష అదియే.