శక్తి లేని నాయకుడు, పేరు లేని రచయిత: ‘చందమామ’ జానపద ధారావాహికలలో చిత్రకథనం

అమెరికాలో 1938 జూన్ నెల పేరుతో వెలువడిన ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచికలో సూపర్‌మ్యాన్ కనిపించాడు. ఆ మరుసటి ఏడు బ్యాట్‌మ్యాన్ వచ్చాడు. పిల్లల కాలక్షేపంగా పుట్టిన ఈ కథలు కాలక్రమంలో విమర్శకు యోగ్యమైన కళారూపంగా గుర్తింపు పొందాయి. తెలుగులో వీటికి దీటైన చిత్రకథా సంప్రదాయం ఉందా అన్న ప్రశ్నకు ‘చందమామ’లో వెలువడిన దాసరి సుబ్రహ్మణ్యం జానపద ధారావాహికలు సమాధానమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. రూపంలో ఇవి కామిక్స్ కావు. గడుల వరుస గాని, మాటల బుడగ గాని వీటిలో లేవు. అయినా బొమ్మను విడదీస్తే కథన శిల్పం సగమే మిగులుతుంది. కాబట్టి వీటిని వచన రచనలుగా మాత్రమే పరిగణించడం అసమగ్రం.

1954లో ‘తోకచుక్క’తో మొదలైన ఈ వరుస ‘మకరదేవత’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’ వంటి రచనల మీదుగా డెబ్బయ్యో దశకం చివరిదాకా సాగింది. వీటిలో మొదట గమనించదగినది శక్తి విభజన. సూపర్‌మ్యాన్ కథలో అతిమానుష శక్తి నాయకుని సొత్తు. దాసరి కథల్లో అది ప్రధానంగా ప్రతినాయకుని సొత్తు. ‘తోకచుక్క’లో సమరసేనుడు సేనాని మాత్రమే. ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే మాంత్రికుల వైరం మధ్య చిక్కిన ఆ మనిషికి ఆధారం ధైర్యం, సమయస్ఫూర్తి. ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మ, జీవదత్తులు, ‘మాయాసరోవరం’లో జయశీలుడు, సిద్ధసాధకుడు జంటలుగా నడుస్తారు. ఒకరి లోపాన్ని మరొకరు పూరిస్తారు. ఈ నాయకులు సూపర్‌మ్యాన్ కంటే 1936లో లీ ఫాక్ సృష్టించిన ఫాంటమ్‌కు దగ్గర. ఫాంటమ్‌కూ మానవాతీత శక్తి లేదు. అయితే అతనికి తరతరాలుగా వచ్చిన ముసుగూ, మరణం లేనివాడన్న ప్రతీతీ రక్షగా ఉన్నాయి. దాసరి నాయకులకు ఆ ముసుగు కూడా లేదు. అపాయం నిజమైనదని పాఠకుడు నమ్మడానికి ఈ నిరాయుధతే కారణం.

ఈ నమ్మకాన్ని కంటికి కట్టించినది బొమ్మ. ఈ ధారావాహికలకు ప్రధానంగా బొమ్మలు వేసినవారు ‘చిత్ర’ పేరుతో ప్రసిద్ధులైన టి.వి. రాఘవన్. కామిక్స్‌లో చర్య గడి నుంచి గడికి పాకుతుంది. రెండు గడుల నడుమ ఖాళీని పాఠకుని ఊహ పూరిస్తుంది. ‘చందమామ’ పుటలో ఉన్నది ఒకే బొమ్మ. చర్య మొత్తం నుంచి ఒక్క క్షణాన్ని ఎంచుకోవలసిన బాధ్యత చిత్రకారునిది. చిత్ర తరచుగా ఎంచుకున్నది చర్య పూర్తికాని క్షణం: ఎత్తిన కత్తి ఇంకా దిగదు, చాచిన చేయి ఇంకా అందదు. ఆ ఖాళీని పూరించేది బొమ్మ పక్కనున్న వచనం. నెలనెలా ఆపదలో ఆగే కథను, గతకథా సంగ్రహంతో మళ్ళీ అందుకునే ధారావాహిక స్వభావానికి ఈ ఎంపిక సరిగ్గా సరిపోయింది. ఒకే బొమ్మలు ‘చందమామ’ ఇతర భాషల ప్రతులలో వేరే లిపి పక్కన అచ్చయ్యాయి. మాట మారినా బొమ్మ మారలేదు. ఆ విధంగా అనువాదం అవసరం లేని భాగం చిత్ర రచన.

లోపలి బొమ్మకూ అట్టబొమ్మకూ ఉన్న తేడా ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. ‘చందమామ’ ముఖచిత్రాలతో పేరుపొందిన వడ్డాది పాపయ్య 1921లో శ్రీకాకుళంలో జన్మించి, అప్పటి విశాఖపట్నం జిల్లాలో అనకాపల్లికి దూరం కాని కశింకోటలో స్థిరపడ్డారు. వపా చిత్రంలో ఘట్టం తనలో తాను సంపూర్ణం. రంగు, భంగిమ, అలంకరణ చూపును నిలిపివేస్తాయి. చిత్ర బొమ్మ చూపును నిలపదు, ముందుకు తోస్తుంది. మొదటిది దర్శనం, రెండవది కథనం. ఒకే పత్రిక ఈ రెండు దృశ్యభాషలనూ బాలపాఠకునికి ఏకకాలంలో నేర్పింది.

ఇక కర్తృత్వ సమస్య. దాసరి 1952 నుంచి ఐదు దశాబ్దాలకు పైగా ‘చందమామ’లో పనిచేశారు. కాని ఈ ధారావాహికలు ఆయన పేరు లేకుండానే వెలువడ్డాయి. బొమ్మ మీద చిత్రకారుని సంతకం ఉండగా కథ మీద రచయిత పేరు లేకపోవడం విచిత్రమైన తలకిందులు. ఈ అన్యాయం తెలుగుకే ప్రత్యేకం కాదు. సూపర్‌మ్యాన్ హక్కులను 130 డాలర్లకు వదులుకున్న జెర్రీ సీగెల్, జో షుస్టర్‌ల పేర్లు పోరాటం తరువాత 1975లో జరిగిన ఒప్పందంతో గాని ఆ పాత్రకు మళ్ళీ జతపడలేదు. బ్యాట్‌మ్యాన్ రూపకల్పనలో పాలుపంచుకున్న రచయిత బిల్ ఫింగర్‌కు అధికారిక గుర్తింపు 2015లో దక్కింది. అప్పటికి ఆయన మరణించి నాలుగు దశాబ్దాలు దాటింది. అయితే అక్కడ ఆ గుర్తింపుకు అభిమానుల, పరిశోధకుల పట్టుదల తోడైంది. మన సాహిత్య చరిత్రలలో బాలసాహిత్యానికి దక్కేదే కొద్ది చోటు. అందులో ఈ రచయితకూ ఈ చిత్రకారునికీ మిగిలేది మరీ స్వల్పం.

ఈ లోటు తీరాలంటే పరిశోధన పద్ధతి మారాలి. ధారావాహికను ఉదహరించేటప్పుడు సంచిక నెల, పుట, రచయితలతో పాటు చిత్రకారుని పేరు కూడా చెప్పాలి. కథాంశ వర్గీకరణతో సరిపెట్టక, ఏ వాక్యానికి ఏ బొమ్మ వచ్చిందో, ఏది రాలేదో పరిశీలించాలి. పాత సంచికలను అట్టలు తీసివేసి బైండు చేస్తే వపా చిత్రాలే కాదు, కథను పాఠకుడు చేరుకున్న తొలి వాకిలి కూడా పోతుంది. గ్రంథాలయాలు సంచికలను అట్టతో సహా భద్రపరచడం అందుకే అవసరం. దాసరి రాసిన మాటనూ చిత్ర గీసిన గీతనూ ఒకే పాఠంగా చదివినప్పుడే ఈ రచనల విలువ కట్టగలం.