ఏడుగురు పిల్లల అవ్వ

విధవరాలి కథ చదువుతూ మీరు ఎప్పుడైనా కడుపుబ్బ నవ్వారా? ఈ ప్రశ్న వినగానే కొందరికి కోపం వస్తుందని నాకు తెలుసు. "మొగుడు పోయి అదేడుస్తుంటే నవ్వేమిటమ్మా, చోద్యం కాకపోతే!" అంటారు. మన నవలల్లో మొగుడు పోయిన ఆడది గడప దాటి లోపలికొచ్చిందంటే చాలు, చదివేవాళ్ళం కొంగు వెతుక్కుంటాం. ఆమె కుట్టుమిషను కొనుక్కుంటుంది, పిల్లవాడిని చదివిస్తుంది, వాడు పెద్ద ఉద్యోగం సంపాదించి కాళ్ళమీద పడేసరికి ఆమెకు క్షయో, గుండెజబ్బో! రాసేవాళ్ళకూ చదివేవాళ్ళకూ ఈ ఒప్పందం బాగా అలవాటైపోయింది.

ఆ ఒప్పందాన్ని చించి పారేసిన నవల ఒకటి ఉంది. పేరు 'ద మ్యామీ'. రాసినవాడు ఐర్లండు దేశపు హాస్యనటుడు బ్రెండన్ ఓ కారల్. 1994లో అచ్చయింది. నాకు మాత్రం హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారంనాడు రోడ్డు పక్కన పరిచే పాత పుస్తకాల్లో దొరికింది. పెద్దపల్లికి రైల్లో తిరిగొస్తూ చదివాను. ఎదుటి సీటావిడ రెండుసార్లు నావైపు అనుమానంగా చూసింది.

కథ 1967 మార్చిలో డబ్లిన్ నగరంలో మొదలవుతుంది. ఆగ్నెస్ బ్రౌన్ అనే ఆవిడ భర్త కారు గుద్ది పోతాడు. పోయిన రోజే ఆవిడ తన స్నేహితురాలు మారియన్‌ను వెంటబెట్టుకుని విధవ పింఛను కోసం ఆఫీసుకు వెళుతుంది! అక్కడి గుమాస్తా పిల్ల ప్రశ్నలడుగుతుంది. ఎప్పుడు పోయాడు? ఇవాళే. మరణ ధ్రువపత్రం ఏదీ? అది వేరే కావాలా? ఎలా పోయాడు? ఆగ్నెస్ కారు పేరు చెబుతుంది. ఆ కారు కంపెనీ వాళ్ళు ఆ బండికి 'వేటగాడు' అనే అర్థమొచ్చే ఇంగ్లీషు పేరు పెట్టి ఊరుకున్నారు. గుమాస్తా పిల్ల అతన్నెవరో తుపాకీతో కాల్చారనుకుని అదిరిపడుతుంది. అది విని, తనకు తెలియని సంగతేదో ఆఫీసు వాళ్ళకు తెలిసిపోయిందేమోనని ఆగ్నెస్ కూడా తికమకపడుతుంది. ఈ ముచ్చట తెలుగులోకి తేవడం ఎవరి తరమూ కాదు. కానీ ఆ గుమాస్తాకూ ఆగ్నెస్‌కూ మధ్య ఉన్న ఆ చెక్కబల్ల ఉంది చూశారూ, అది మనకు కొత్తదేం కాదు.

మా వాడకట్టులో ఒకావిడ ఉండేది. నేను చిన్నమ్మా అని పిలిచేదాన్ని. అయిదుగురు పిల్లలు. బీడీలు చుట్టి పెంచింది. భర్త పోయిన కొన్నాళ్ళకు పింఛను అర్జీ పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగింది. ఏ కాగితం చూసి ఏ కాగితమనుకున్నాడో గానీ, ఒకాయన భర్త సంతకం ఏదని అడిగాడట. "పోయి తెత్త సారూ, గని ఆడికి వోయినంక మల్ల నన్ను రానిత్తరో లేదో" అన్నదట ఈమె. గదిలో వాళ్ళందరూ నవ్వారట, అడిగినాయన తప్ప. ఈ మాట ఆమె నాకు బీడీలు చుడుతూనే చెప్పింది. చెయ్యి ఆగలేదు. నేను నవ్వాలా వద్దా అని ఆమె ముఖం వంక చూస్తే, ఆమె అప్పటికే నవ్వుతోంది.

అందుకే ఈ నవల నాకు పరాయిదనిపించలేదు. నవ్వు ఎవరిమీద అన్నదే ఇక్కడ అసలు సంగతి. విధవరాలిమీద నవ్వడం మనవాళ్ళకు బాగానే వచ్చు. శకునానికి ఎదురొచ్చిందని విసుక్కోవడం, 'ముండమోపి' అని తిట్టుగా వాడుకోవడం, ఇదంతా వెయ్యేళ్ళ విద్య. ఓ కారల్ పుస్తకంలో నవ్వు ఆగ్నెస్ మీద కాదు. ఆగ్నెస్ దుఃఖానికి కూడా మూడు ప్రతులూ ఒక రబ్బరు ముద్రా అడిగే లోకం మీద. మన తెలంగాణలో 2014లో 1,000 రూపాయలతో మొదలై 2019లో 2,016 అయిన ఆసరా పింఛను ఎంతమంది ఇల్లు నిలబెట్టిందో నాకు తెలుసు. దానికీ మొదటి మెట్టు ఆ మరణ ధ్రువపత్రమే. మొగుడు పోయాడని ఊరంతటికీ తెలిసినా కాగితానికి తెలియాలి కదా!

ఆగ్నెస్‌కు ఏడుగురు పిల్లలు. పెద్దవాడు మార్క్, ఆ తర్వాత ఫ్రాన్సిస్, కవలలు సైమన్, డెర్మట్, ఆపైన రోరీ, ఒక్కగానొక్క ఆడపిల్ల కేథీ, చిట్టచివర ట్రెవర్. ఇంతమంది ఏమిటని ముక్కున వేలేసుకోకండి. ఐర్లండులో 1935 చట్టం కుటుంబ నియంత్రణ సాధనాలను అమ్మనివ్వలేదు. 1979లో గాని ఆ చట్టాన్ని సడలించలేదు. మన దేశంలో 1952లోనే సర్కారు కుటుంబ నియంత్రణ పథకం మొదలుపెట్టి, ఆ తరువాత గోడగోడకూ ఎర్ర త్రికోణం వేసి "మేమిద్దరం మాకిద్దరు" అని మనల్ని వెంటాడిందా, అక్కడ అదే కాలంలో సర్కారూ చర్చీ కలిసి ఎదురుదారిన వెంటాడాయి. రెండుచోట్లా ఆడదాన్ని ఎవరూ అడిగినట్టు లేదు.

పొద్దు పొడవకముందే లేచి మూర్ స్ట్రీట్‌లో పండ్లూ కూరగాయలూ అమ్ముతుంది ఆగ్నెస్. డబ్లిన్‌లో మూర్ స్ట్రీట్ అంటే మనకు కూరగాయల అంగడి. అక్కడ అమ్మేవాళ్ళు ఎక్కువమంది ఆడవాళ్ళే, గొంతు పెట్టుకుని బతికేవాళ్ళు. మా పెద్దపల్లి అంగడిలో టమాటాల కుప్ప ముందు కూచుని "రా అక్కా, రా" అంటూనే తూకంలో రెండు వేసి, ఒకటి తీసి, మళ్ళీ మన ముఖం చూసి ఒకటి వేసే ఆవిడను తీసుకెళ్ళి మూర్ స్ట్రీట్‌లో కూచోబెడితే, భాష తప్ప ఆమెకు అక్కడ నేర్చుకోవలసిందేమీ ఉండదు.

మారియన్ సంగతి చెప్పకపోతే ఈ నవల చెప్పినట్టే కాదు. పొట్టి మనిషి, నోరు మాత్రం పెద్దది. ఇద్దరూ కలిస్తే ఆగని మాటలు. మగవాళ్ళ గురించి, మంచం గురించి కూడా మాట్లాడుకుంటారు. ఇక్కడ కొందరు పాఠకురాళ్ళు పుస్తకం మూస్తారని నాకు తెలుసు. మూయకండి. నూతి దగ్గర, బీడీల చాటల దగ్గర, పెళ్ళి ఇళ్ళలో అర్ధరాత్రి అరిసెలు వత్తేచోట మన ఆడవాళ్ళు మాట్లాడుకునే మాటలు అచ్చులో చూస్తే వచ్చే బెదురు మాత్రమే అది. ఆ మారియన్‌కు జబ్బు చేస్తుంది, పోతుంది. ఆగ్నెస్ భర్త చావు దగ్గర లేని బరువు ఈ చావు దగ్గర ఉంది. భర్త అంతగొప్ప భర్తేమీ కాడు. స్నేహితురాలు నిజంగా స్నేహితురాలు. చావుల్లో ఏది పెద్దదో బంధువుల జాబితా చూసి తేల్చలేమని రచయిత అనడు. కథ అలా నడిపించి ఊరుకుంటాడు. నాకు ఈ పుస్తకంలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఇంకోటి ఉంది. ఆగ్నెస్‌కు ఒక కోరిక. క్లిఫ్ రిచర్డ్ అనే పాటగాడితో ఒక్కసారి నాట్యం చెయ్యాలని. అంతే! పిల్లలు పైకి రావాలని కాదు, ఇల్లు కట్టాలని కాదు. తనకోసం తను కోరుకున్న ఒక పిచ్చి కోరిక. మన విధవరాళ్ళకు కథల్లో ఎవరైనా ఒక కోరిక ఇచ్చారా? ఇస్తే పునర్వివాహం, లేకపోతే పతనం. మా వైపు బతుకమ్మ ఆడేనాడు ఒక్కోచోట అట్లాంటివాళ్ళు పక్కకు జరిగి గోడకానుకుని చప్పట్లు కొట్టడం నేను చూశాను. పాట వాళ్ళకే ఎక్కువ వచ్చు, కాలు మాత్రం కలపరు. ఆగ్నెస్ కోరిక తీరుతుందా లేదా అన్నది మీరే చదువుకోండి.

మన సాహిత్యంలో ఈమెకు అక్కచెల్లెళ్ళు లేరా? వెతికాను. 'కన్యాశుల్కం'లో ముగ్గురున్నారు. బుచ్చమ్మ మీదా మీనాక్షి మీదా మనకు జాలి. పూటకూళ్ళమ్మ ఉంది చూశారూ, ఆవిడ అసలు మనిషి. వండి వడ్డించి నలుగురి దగ్గర డబ్బు తీసుకుని బతుకుతుంది, మోసం చేసిన గిరీశాన్ని చీపురుకట్ట పట్టుకుని వెతుక్కుంటూ మధురవాణి ఇంటికొస్తుంది, మంచంకింద దొరికిన రామప్పంతులుకు పడవలసినవి పడతాయి. ఆగ్నెస్ వచ్చి చూస్తే వెంటనే చెయ్యి కలిపేది. అయితే గురజాడ ఆవిడకు ఒక్క సీనిచ్చి పంపేశారు. పేరు కూడా ఇవ్వలేదు! తరువాత చిలకమర్తి వారి 'గణపతి'. అందులో తల్లి సింగమ్మ విధవరాలే, పుస్తకం నిండా హాస్యమే. కాని హాస్యమంతా కొడుకుది, కష్టమంతా తల్లిది. భానుమతి గారి అత్తగారు మనల్ని నవ్వించి చంపింది గానీ ఆవిడకు ఆవకాయ బూజు పట్టిందన్న బెంగే తప్ప, రేపు పొయ్యి వెలుగుతుందా అన్న బెంగ లేదు. పేదరికం, వైధవ్యం, నవ్వు, ఈ మూడూ ఒక్క ఆడదానిలో కలిసి ఒక నవలంతా నడవడం నాకింకా తెలుగులో కనబడలేదు. పల్లెకు ఒకామె చొప్పున బయట మాత్రం కనబడుతూనే ఉంది.

పొగిడింది చాలు. ఈ పుస్తకం పుట్టింది రేడియోలో. 1992లో ఐరిష్ రేడియోలో చిన్న చిన్న ముక్కలుగా వచ్చిన నాటకం ఇది. ఆ అతుకులు పుస్తకంలో కనిపిస్తాయి. ఒక హాస్యం అయిపోగానే ఇంకొకటి, మధ్యలో ఊపిరి తీసుకోవడానికి చోటు లేదు. చివరి భాగం సినిమాకు కావలసినట్టే ఉంటుంది. 1999లో సినిమా వచ్చింది కూడా. ఆంజెలికా హ్యూస్టన్ తనే దర్శకత్వం వహించి తనే ఆగ్నెస్‌గా నటించింది. అందులో వడ్డీ వ్యాపారి ఒకడున్నాడు, వాణ్ణి మనం ఎక్కడైనా గుర్తుపడతాం. ఇక 2011లో బీబీసీలో మొదలైన టీవీ కార్యక్రమంలో ఓ కారలే గౌను తొడుక్కుని ఆగ్నెస్ వేషం వేశాడు. మగవాడు ఆడవేషం కట్టడం మనకు వింత కాదు. స్థానం నరసింహారావు గారి సత్యభామను చూసి ఆడవాళ్ళే నడక నేర్చుకున్నారని చెప్పుకుంటారు. మా ఒగ్గు కథల్లో మగవాడు కొంగు కప్పుకుని ఏడిస్తే ముందు వరసలో ఆడవాళ్ళు ఏడుస్తారు. కాని టీవీ ఆగ్నెస్ కేకలు ఎక్కువ, కష్టం తక్కువ. పుస్తకంలో ఆమె నవ్వితే మనం నవ్వాం. టీవీలో ఆమెను చూసి నవ్వుతాం. ఈ తేడా ఆడవాళ్ళకు తెలిసినంతగా ఇంకొకరికి తెలియదు.

రచయిత మగవాడు కదా, ఆడదాని మనసు అతనికెలా తెలిసిందంటారా? అతని తల్లి మరీన్ ఓ కారల్ పదకొండుమంది పిల్లల్ని కన్న మనిషి. ఇతను ఆఖరివాడు. 1954లో ఐర్లండు పార్లమెంటుకు ఎన్నికైంది, లేబర్ పార్టీ తరఫున గెలిచిన మొదటి స్త్రీ. వడ్రంగి భర్త 1962లో పోతే పిల్లల్ని తనే పెంచింది. ఇతనికప్పుడు ఏడేళ్ళు. పన్నెండేళ్ళకు బడి మాని పనిలో చేరాడు. అందుకని ఈ నవలలో తల్లిని చూసే కళ్ళు కొడుకువి. బలమూ అక్కడే, లోపమూ అక్కడే. ఎదుగుతున్న మార్క్ తన ఒంట్లో మార్పులు చూసి హడలిపోయి తల్లినడిగితే, తండ్రి చెప్పవలసిన సంగతి ఆమె ఏదో తోచినట్టు చెప్పి బయటపడే ఘట్టం ఎంత ముచ్చటైనదో! ఆ గదిలో నిలబడ్డ పిల్లవాడే రాయగలిగింది అది. కాని పిల్లలు నిద్రపోయాక ఆగ్నెస్ ఏం చేస్తుంది? కొడుకుకు తెలియదు, అప్పటికి నిద్రపోయాడు కనుక. ఏడుగురిలో ఒకరిమీద ఆమెకు ఎప్పుడైనా విసుగు పుట్టిందా? ఒక్క రాత్రైనా తలుపు తీసుకుని వెళ్ళిపోదామనిపించిందా? మా చిన్నమ్మకు అనిపించింది. నాతో చెప్పింది, పిల్లలతో చెప్పలేదు. ఆ సగం రాయడానికి కూతురో, మారియనో కావాలి.

ఇంగ్లీషు నవలలను మాలతీ చందూర్ గారు 'పాత కెరటాలు' శీర్షికతో 'స్వాతి'లో ఎన్నేళ్ళు మన వంటిళ్ళలోకి తెచ్చారో మీకు గుర్తుండే ఉంటుంది. ఆవిడ 2013లో పోయారు. ఈ నవలను ఎవరైనా పూర్తిగా తెలుగు చేస్తే బావుండునని నాకు ఆశ. చేసేవాళ్ళు దయచేసి ఆగ్నెస్ చేత పుస్తకాల భాష మాట్లాడించకండి. అంగడి భాష మాట్లాడించండి, తిట్లతో సహా.

పేరు దగ్గర మాత్రం చిక్కుంది. 'మ్యామీ' అంటే మా కరీంనగర్ వైపు 'అవ్వ' అనే అనాలి, తల్లిని మేము పిలిచేది అలాగే. కృష్ణ దాటితే అవ్వంటే ముసలమ్మ. ఈ కథకు ఇంకో రెండు భాగాలున్నాయి. 1995లో 'ద చిజలర్స్', 1996లో 'ద గ్రానీ'. మూడో దానిలో ఆగ్నెస్ నిజంగానే మనవళ్ళను ఎత్తుకుంటుంది. మొదటి భాగానికి 'అవ్వ' అని పెడితే విజయవాడ వాళ్ళు మూడోది ముందు చదివేశామనుకుంటారు. 'అమ్మ' అంటారా, అందులో కూరగాయల గంప బరువు లేదు. నేనైతే మొదటిదానికి 'అవ్వ' అనే పెట్టి, మూడోదానికి 'బాపమ్మ' అని పెడతాను. మారియన్‌ను ఏమని పిలిపించాలో ఇంకా తేల్చుకోలేదు.