పాలలో పాఠాంతరం

నెల్లూరు జిల్లా వెంకటాచలంలో 2020 జనవరిలో ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం మొదలైంది. అలాంటి చోట ఒకే కావ్యానికి నాలుగు తాళపత్ర ప్రతులు దొరికాయనుకోండి. వాటిని పక్కపక్కన పెట్టి ఏ అక్షరం నిలిచింది, ఏది మారింది, మారిన చోట అర్థం ఎటు తిరిగింది అని చూస్తారు పరిష్కర్తలు. రెండు ప్రతుల్లో ఒకే వింత ఒకే చోట కనపడితే రెండూ ఒకే మాతృకకు పుట్టినవని పోల్చుకుంటారు. ఆ చూపుతోనే రెండు ప్రోటీన్లను చదవాలని నాకు చాన్నాళ్లుగా కోరిక. రెండూ ఈ ఊరి చుట్టుపక్కలే ఉన్నాయి.

తెల్లవారుజామున ఇక్కడి పల్లెల్లో పాలకేంద్రం దగ్గర నిలబడితే వినపడే మాట ఒకటే: "ఫ్యాట్ సరేన్నా, ఎస్సెన్నెఫ్ ఎంతొచ్చింది?" గ్లాసులో పోసిన పాలను యంత్రం పీల్చుకుని రెండంకెలు చూపిస్తుంది. ఆ రెండో అంకె కొవ్వు కాని ఘనపదార్థాలది. అందులో సగానికి పైగా పాల చక్కెరే, అంటే లాక్టోజు. అది తయారు కావాలంటే పొదుగులో ఆల్ఫా లాక్టాల్బుమిన్ ఉండి తీరాలి. గాలక్టోజును ఇతర చక్కెరలకు అతికించే ఎంజైము ఒకటుంది. మామూలుగా అది గ్లూకోజు జోలికి పెద్దగా పోదు. లాక్టాల్బుమిన్ వచ్చి పక్కన చేరాక గ్లూకోజును పట్టుకుంటుంది, లాక్టోజు పుడుతుంది. లాక్టాల్బుమిన్ తనంతట తాను ఏదీ అతికించదు, ఏదీ తెంచదు. అది పక్కనుంటేనే పని జరుగుతుంది.

రెండోదాని కోసం తూర్పుగా ముత్తుకూరు వైపు, రొయ్యల గుంటల దగ్గరికి పోవాలి. విబ్రియో అన్న మాట వింటే రైతుకు నిద్ర పట్టదు. ఆ బ్యాక్టీరియా మీద రొయ్య చేసే పోరులో దాని ఒంట్లోని లైసోజైమ్ కూడా ఒక ఆయుధం. మన కన్నీళ్లలో, కోడిగుడ్డు తెల్లసొనలో ఉండేదీ ఇదే కుటుంబం. 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ దీన్ని లోకానికి తెలిపాడు. పెన్సిలిన్ కంటే ముందు ఆయన చేతికి దొరికింది ఇదే. బ్యాక్టీరియా గోడ చక్కెరల గొలుసులతో అల్లిన వల. లైసోజైమ్ ఆ గొలుసును తెంచుతుంది, గోడ కూలుతుంది.

ఒకటి పాల చక్కెర కట్టించేది, మరొకటి బ్యాక్టీరియా గోడ కూల్చేది. వీటికి చుట్టరికం ఉందని పని చూసి ఎవరూ అనుకోరు. 1967లో కీత్ బ్రూ, థామస్ వానమన్, రాబర్ట్ హిల్ ఆవుపాల లాక్టాల్బుమిన్‌లోని అమైనో ఆమ్లాల వరుసను కోడిగుడ్డు లైసోజైమ్ వరుస పక్కన పెట్టి చదివారు. ఒకదానిలో 123, మరోదానిలో 129. మూడో వంతుకు పైగా చోట్ల అవే ఆమ్లాలు. అంతకు రెండేళ్ల ముందే డేవిడ్ ఫిలిప్స్ బృందం లైసోజైమ్ ఆకారాన్ని తేల్చింది. 1969లో ఆ ఆకారాన్నే మాతృకగా పెట్టుకుని, లాక్టాల్బుమిన్ ఎలా ఉంటుందో ఒక నమూనా కట్టారు. తెలిసిన ప్రోటీన్‌ను బట్టి తెలియనిదాన్ని ఊహించిన తొలి ప్రయత్నం అదే. ఇరవై ఏళ్లకు, 1989లో, కె. రవి ఆచార్య, ఫిలిప్స్, సహచరులు బబూన్ కోతి పాల లాక్టాల్బుమిన్ ఆకారాన్ని వివరంగా బయటపెట్టారు. ముడత ముడతకూ లైసోజైమ్ పోలికే కనపడింది. సరిపోల్చి చదవడంలో ఇంత బలం ఉందా అని నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇక మారిన అక్షరాలు. కోడిగుడ్డు లైసోజైమ్‌లో గొలుసు తెంచే పనికి 35వ చోటున్న గ్లూటామిక్ ఆమ్లం, 52వ చోటున్న ఆస్పార్టిక్ ఆమ్లం ఆయువుపట్లు. లాక్టాల్బుమిన్‌లో ఆ చోట్ల వేరే ఆమ్లాలున్నాయి. అందుకని దాన్ని పాడైపోయిన లైసోజైమ్ అని కొందరంటారు. ఈ తీర్పు నాకు నచ్చదు. జన్యువు రెండు ప్రతులైనప్పుడు పాత పని ఒక ప్రతి చూసుకుంటుంది, రెండోదానికి మారే వెసులుబాటు దొరుకుతుంది. ఆ వెసులుబాటును లాక్టాల్బుమిన్ ఎంత చక్కగా వాడుకుందో చూడండి. లైసోజైమ్ తెంచేది ఒక చక్కెర మొదటి కార్బన్ నుంచి పక్క చక్కెర నాలుగో కార్బన్‌కు వేసిన బంధాన్ని. లాక్టోజులో గాలక్టోజుకూ గ్లూకోజుకూ మధ్య ఉన్నదీ అదే తీరు బంధం. అన్న తెంచిన ముడినే తమ్ముడు వేయిస్తున్నాడు. తెంచే పదును పోవడాన్ని లోపమని ఎలా అంటాం?

ఈ తమ్ముడు లేకపోతే ఏమవుతుందో 1990ల మధ్యలో ఎలుకల మీద తేలింది. ఆ జన్యువు తీసేసిన తల్లుల పాలలో లాక్టోజు లేదు. లాక్టోజు లేకపోతే పాలలోకి తగినంత నీరు చేరదు. చిక్కని జిగురులా తయారైన ఆ పాలను పిల్లలు చప్పరించలేకపోయాయి.

నా వాదానికి ఎదురొచ్చే సంగతి ఒకటుంది, దాన్ని దాచడం న్యాయం కాదు. నెమరు వేసే ఆవు తన కడుపులోకి దిగే బ్యాక్టీరియాను అరిగించుకోవడానికి లైసోజైమ్‌ను వాడుకుంటుంది. ఆకులు మేసే కొండముచ్చు కడుపూ అదే చేస్తుంది. 1987లో కారో-బెత్ స్టీవర్ట్, అలన్ విల్సన్ తదితరులు ఈ రెండు లైసోజైములను సరిపోల్చితే, కొన్ని చోట్ల రెండింటిలో ఒకే మార్పు కనపడింది. కొండముచ్చుకు దగ్గరి చుట్టం మనిషి కానీ ఆవు కాదు. ఒకరినొకరు ఎరుగని ఇద్దరు లేఖకులు ఒకే దిద్దుబాటు చేసినట్టు, రెండూ విడివిడిగా ఆ మార్పుకు చేరాయి. మరి లైసోజైమ్, లాక్టాల్బుమిన్‌ల పోలిక కూడా అలాంటిదే కాదని ఏమిటి నమ్మకం?

తాళపత్రాల కట్ట విప్పినప్పుడు నేను ముందు చూసేది అక్షరాలను కాదు, దారం పోవడానికి వేసిన చిల్లులను. ఈ ప్రోటీన్లలో దారం పని గంధకపు వంతెనలు చేస్తాయి. రెండింటిలోనూ నాలుగే, అవే చోట్ల. జన్యువులు చూసినా రెండూ నాలుగు ముక్కలే, తెగే చోట్లూ అవే. ఆవూ కొండముచ్చూ పంచుకున్నవి పని కోరిన నాలుగైదు అక్షరాలు. ఈ రెండు ప్రోటీన్లు పంచుకున్నది, పనులు వేరైనా మారని కట్టే.