జెండా పట్టినవాడు

మోటార్ క్లబ్బులో, కారు పందేల భద్రత చూసే మార్షల్‌గా చేరేవాళ్లకు ముందుగా అలవడాల్సింది ఉన్నచోట నిలబడటం. జెండా ఊపడం, రేడియోలో కబురు చెప్పడం, మంటలార్పే సిలిండర్ వాడటం శిక్షణ తరగతుల్లో నేర్పితే వచ్చేస్తాయి. కళ్లెదుట కారు పల్టీ కొట్టినప్పుడు కాళ్లను ఆపుకోవడం మాత్రం అంత తొందరగా రాదు. ఈ పనిలో నేర్పంతా అక్కడే ఉందని నా వాదన. ఇది మనకు సంబంధం లేని పట్నపు ఆట అనుకోనక్కర్లేదు. మన చాగలమర్రి మీదుగా పోయే 40వ నంబరు జాతీయ రహదారి కడప, చిత్తూరు దాటి రాణిపేట దగ్గర చెన్నై దారికి చేరుస్తుంది. ఆ దారిలోనే, శ్రీపెరుంబుదూరు పక్కన, ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్ ఉంది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు దాన్ని నడుపుతోంది. అంతకుముందు ఈ పందేలు షోళవరంలోని పాత విమానాల రన్‌వే మీద జరిగేవి. గెలిచిన డ్రైవర్ పేరు పేపర్లో వస్తుంది. సెలవురోజు వదులుకుని వచ్చి, పొద్దంతా మలుపు దగ్గర ఎండలో నిలబడిన మార్షల్ పేరు రాదు.

ఆ మలుపు దగ్గర పని ఎలా సాగుతుందో చూడండి. ఇద్దరు జెండా మార్షళ్లు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరి చూపు వచ్చే బండ్ల మీద, ఇంకొకరి చూపు దాటిపోయిన బండ్ల మీద ఉంటుంది. ఒకరి వీపును ఇంకొకరు కాస్తారన్నమాట. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదముంది, నెమ్మదించు, ఓవర్‌టేక్ చేయకు అని. రెండు పసుపు జెండాలు కలిపి ఊపితే దారి మూసుకుపోయి ఉండొచ్చు, ఆగడానికైనా సిద్ధపడు అని. పసుపు మీద ఎర్ర చారలున్న జెండా చూపితే ట్రాక్ మీద ఆయిలో నీళ్లో పడి జారుడుగా ఉందని. పడిపోయిన కారు దగ్గరికి ఎవరైనా వెళ్లాలంటే ముందు పసుపు జెండా లేవాలి, తర్వాత ఆ మలుపు దగ్గరి మార్షళ్ల పెద్ద సరేననాలి. వీపు మాత్రం వచ్చే బండ్లకు ఎప్పుడూ తిప్పకూడదు.

ఇంత కట్టడి ఎందుకంటే 1977 మార్చి 5న దక్షిణాఫ్రికాలోని క్యాలమీ పందెంలో జరిగింది గుర్తు చేసుకోవాలి. ట్రాక్ పక్కన ఆగిన ఒక కారులో చిన్న మంట లేచింది. 19 ఏళ్ల మార్షల్ ఒకడు బరువైన సిలిండర్ చేతపట్టుకుని ట్రాక్‌కు అడ్డంగా పరుగెత్తాడు. మిట్ట దాటి దూసుకొచ్చిన టామ్ ప్రైస్ కారు అతన్ని గుద్దింది, సిలిండర్ వెళ్లి ప్రైస్ తలకు తగిలింది. ఇద్దరూ అక్కడికక్కడే పోయారు. మంట లేచిన కారు డ్రైవర్‌కు ఏమీ కాలేదు. ఆ కుర్రాడికి ధైర్యం తక్కువై ఇది జరగలేదు.

దీనికి ఎదురుగా 1973 జూలై 29న నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌ను చూపించేవాళ్లుంటారు. తలకిందులైన కారు కింద రోజర్ విలియమ్సన్ చిక్కుకుని మంటల్లో ఉన్నాడు. తన పందెం వదిలేసి వచ్చిన డేవిడ్ పర్లీ ఒక్కడే కారును తిప్పాలని పెనుగులాడాడు. మార్షళ్లు పక్కనే నిలబడిపోయారు, విలియమ్సన్ చనిపోయాడు. నిలబడటమే నేర్పయితే ఇదేం నేర్పు అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ వాళ్ల ఒంటిమీద ఉన్నవి మామూలు బట్టలు, ఆ మంట దగ్గరికి పోయే రక్షణే లేదు. పైగా పందెం ఆపకుండా నడిపించారు. సమయం చూసి ఆగడం వేరు, చేతిలో ఏమీ లేక ఆగిపోవడం వేరు. 2020 నవంబరులో బహ్రెయిన్‌లో రొమైన్ గ్రోజాన్ కారు రెండు ముక్కలై మండినప్పుడు తేడా తెలిసింది. మొదటి ల్యాప్‌లో కార్ల వెనకే వచ్చే మెడికల్ కారు, అగ్నికి తట్టుకునే దుస్తులు, సిలిండర్‌తో వచ్చిన మార్షల్, అన్నీ ఉన్నాయి. గ్రోజాన్ అర నిమిషం లోపే మంటల్లోంచి బయటపడ్డాడు.

మనవైపు ఎడ్ల బండలాగుడు పోటీలు చూసేవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. ఒంగోలు గిత్తలు బండను లాగుతుంటే జనం గీత దాటి లోపలికి తోసుకొస్తారు. పోటీ సజావుగా సాగేది చెర్నకోల పట్టినవాళ్ల వల్ల మాత్రమే కాదు, తాడు పట్టుకుని జనాన్ని వెనక్కి నెట్టేవాళ్ల వల్ల కూడా. వాళ్లు ఎడ్ల వైపు కన్నేసి ఉంచాలి. ఆ కన్ను మైకు వైపో, చుట్టాల వైపో మళ్లిందంటే గిత్త పక్కకు తిరిగినప్పుడు తప్పుకునే వ్యవధి ఉండదు.

ఇక గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. కోట్లు తిరిగే ఆటలో పేదో మధ్యతరగతో మనిషి ఉచితంగా ఎందుకు చాకిరీ చేయాలి? టికెట్లమ్ముకునేవాళ్లు జీతాలివ్వొచ్చు కదా? సగం ఒప్పుకుంటాను. బీమా, రక్షణ దుస్తులు, తిండి, నీళ్లు, నీడ, దారి ఖర్చు నిర్వాహకులు ఇవ్వాల్సిందే. సేవ అనే పేరు చెప్పి వాటిని ఎగ్గొట్టడం మోసం. జీతం సంగతి వేరు. నిర్వాహకుడి జీతగాడు పందెం ఆపే ఎర్రజెండా అడిగేముందు ఒక్క క్షణం నిర్వాహకుడి నష్టం గురించి ఆలోచిస్తాడేమోనని నా భయం. స్వచ్ఛందంగా వచ్చినవాడికి ఆ మొహమాటం ఉండదు. అయితే స్వచ్ఛందమంటే శిక్షణ లేకపోవడం కాదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది. ముందురోజు ఆ ట్రాక్ మీదికి మామూలు జనం బండ్లేసుకుని వచ్చేశారు. బారికేడ్ దగ్గర నిలబడే మనిషి ఎంత ముఖ్యమో ఆ ఒక్క రోజు చాలు చెప్పడానికి.

చాగలమర్రిలో మోటార్ క్లబ్బు లేదు కదా, ఇదంతా మనకెందుకు అంటారా? హైవే ఉంది. బండి బోల్తా పడగానే అందరం రోడ్డు మధ్యకు ఉరుకుతాం, చుట్టూ మూగుతాం, ఫోన్లో వీడియో తీస్తాం. వెనక నుంచి వచ్చే లారీకి చెప్పేవాడు ఒక్కడూ ఉండడు. రెండో ప్రమాదం అక్కడే పుడుతుంది. సాయం చేస్తే కేసుల్లో ఇరుక్కుంటామన్న భయం అక్కర్లేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ మంచిమనసుతో ఆదుకున్నవాళ్లకు రక్షణ ఇస్తోంది, పేరు చెప్పమని కూడా బలవంతపెట్టకూడదు. కాబట్టి ఆళ్లగడ్డ దారిలో ఎప్పుడైనా ప్రమాదం మీ కంటబడితే ముందు ఒకరు రోడ్డు అంచునే వెనక్కి నడిచి, దూరం నుంచే కనబడేలా తువ్వాలు ఊపండి, రాత్రయితే ఫోన్ లైటు చూపండి. ఒకరు 108కి ఫోన్ చేయండి. వచ్చే బండ్లు నెమ్మదించాకే మిగతావాళ్లు దెబ్బ తిన్నవాళ్ల దగ్గరికి వెళ్లండి.